నాలుగో లైను పెట్టె

1, సోమవారం

పెట్టె ఇంటికొచ్చింది. ఒక మనిషికి నెల రోజుల తిండి. బియ్యం, పప్పు, శనగలు, పిండి, చిన్న నూనె సీసా, ఉప్పు పొట్లం. అంతే. సరిహద్దు శిబిరంలో శరణార్థులకు మేం రోజూ నింపి పంపే పెట్టే ఇది. పన్నెండేళ్ళుగా ఆ సరుకుల షెడ్డులో ఇవే నింపుతున్నాను గానీ ఒక్కదాన్ని కూడా విప్పి చూసిన పాపాన పోలేదు.

ఇప్పుడు మా షెడ్డు ఆఫీసమ్మ కొత్త కార్యక్రమం పెట్టింది. "ఈ నెల వాళ్ళ తిండే మన తిండి" అని గోడకి కాగితం అంటించింది. ఇష్టమున్నవాళ్ళు చేరొచ్చట. చేరినవాళ్ళకి చొక్కాకి తగిలించుకునే బిళ్ళ, బియ్యం కొలుచుకునే కప్పు, అనుభవాలు రాయడానికి ఒక పుస్తకం ఇస్తారు.

నేనేదో జాలి పొంగిపొర్లి చేరలేదు. రేడియో వల్ల చేరాను. ఎదుటి లైనులో పనిచేసే అమ్మాయి. పొద్దున్న వాగడం మొదలుపెడితే షెడ్డు మూసేదాకా ఆపదు కాబట్టి ఆ పేరు నేనే పెట్టాను.

"అన్నా, నీ పొట్ట చూస్తే రెండు పెట్టెలు అట్టతో సహా మింగినట్టుంది. మూడు రోజులుంటే గొప్ప," అంది అందరి ముందూ.

"నెలంతా ఉంటా. ఉంటే ఏం చేస్తావ్?"

"ఒక పూటంతా నోరు మూసుకుంటా."

షెడ్డంతా చప్పట్లు. అలాంటి పూట కోసం నెల కాదు, ఏడాది పస్తుండొచ్చు.

పెట్టెలు గోడవారగా దొంతర పెట్టి, ఏదైనా తీసుకోండి అన్నారు. నేను వెతికి మరీ 4 అని ముద్ర ఉన్నది లాగాను. నాలుగో లైనులో బియ్యం, పప్పు, శనగలు డబ్బాతో కొలిచి సంచుల్లో పోసేది నేనే. పిండీ నూనే సీలు వేసే వస్తాయి. నా అంత వేగంగా పోసేవాడు షెడ్డులో లేడు. అందుకే సూపర్‌వైజర్ నాకు "మెరుపు" అని పేరు పెట్టాడు. తింటే నా చేతి పెట్టె తినాలి గానీ ఎవడో నిద్రమొహంగాడు నింపింది తింటానా?

ఆఫీసు ఇచ్చిన పుస్తకంలో మంచి మంచి మాటలు రాస్తున్నాను. వాటిని వాళ్ళు చదువుతారు. ఇది నాది. పాత నోటు పుస్తకం వెనక పేజీలు. ఐదో క్లాసుతో బడికి దణ్ణం పెట్టినవాడి రాత, తప్పులుంటే నన్ను నేనే తిట్టుకుంటాను.

2, మంగళవారం

ఒక కప్పు బియ్యం, రెండు చెంచాల పప్పు. అది రెండు పూటలకి. ఇంట్లోవాళ్ళ వంట వేరు, నా వంట వేరు. మా ఆవిడ నా గిన్నె పొయ్యి మీద పెట్టి, "బొమ్మలాట సామాను లాగుంది," అంది.

మామయ్య కంచం ముందు కూర్చుని నా కంచం వంకే చూశారు. మా ఆవిడ నాన్న. అత్త పోయాక మూడేళ్ళ నుంచి మాతోనే ఉంటున్నారు. యాభై ఏళ్ళు దర్జీ పని చేసిన మనిషి. సూదిపోట్లతో వేళ్ళ చివర్లు గవ్వల్లా గట్టిపడ్డాయి. మాట తక్కువ. ఇల్లంతా తిరుగుతూ ఎవరో తెరిచి వదిలేసిన కుళాయిలు కట్టేస్తారు, సీసాలకి మూతలు బిగిస్తారు, తలుపులు దగ్గరికి వేస్తారు. ఆ ఎవరో నేనే.

"నీకిది సరిపోతుందా అల్లుడూ?" అన్నారు.

"సరిపోకపోతే మీ కంచంలో చెయ్యి పెడతా మామయ్యా, జాగ్రత్త."

నవ్వారు. కంచం కొంచెం నా వైపు జరిపారు కూడా.

4, గురువారం

కడుపులో ఎలుకలు పరుగు పందెం పెట్టుకున్నాయి.

మామయ్య కళ్ళజోడు తీసి ఉప్పు డబ్బాలో దాచాను. గంటన్నర వెతికారు. మా ఆవిడ తిట్టింది. ఆకలిని కాసేపు మర్చిపోయాను.

6, శనివారం

షెడ్డులో మధ్యాహ్నం రేడియో నా ఎదురుగా కూర్చుని ఖాళీ డబ్బాలో చెంచాతో తింటున్నట్టు నటించింది. ఆమె కూడా చేరిందట! రెండో లైను పెట్టె. నాకు చెప్పనేలేదు.

"నా పందెం నాతో కూడా," అంది. "నువ్వు పస్తుంటే నేను తింటూ కూర్చుంటే బాగోదు కదన్నా."

వచ్చేటప్పుడు టీ కొట్టు దగ్గర రెండు బ్రెడ్డు ముక్కలు తిన్నాను. టీలో ముంచి తిన్నాను కాబట్టి తాగినట్టే. అది లెక్కలోకి రాదు.

7, ఆదివారం

ఆకలి. ఇంకేం లేదు రాయడానికి.

9, మంగళవారం

బిళ్ళ చూసి బస్సులో ఒకావిడ లేచి సీటిచ్చింది. కూర్చున్నాను. మొహం కూడా కొంచెం వాడ్చి పెట్టాను. ఎందుకొచ్చిన నష్టం.

10, బుధవారం

ఏదో తేడాగా ఉంది.

ఇంట్లో బియ్యం పోసుకున్న డబ్బా తేలికైనట్టు అనిపించి బియ్యమంతా బట్ట మీద పోసి, ఆఫీసమ్మ ఇచ్చిన కప్పుతో కొలిచాను. కాగితంలో రోజుకొక కప్పు చొప్పున ముప్పై అని రాసి ఉంది. పది తిన్నాను. రోజూ కత్తితో అంచు గీకి మరీ తీసుకున్నాను. ఇంకా ఇరవై ఉండాలి.

పదిహేడున్నాయి.

మూడుసార్లు కొలిచాను. మూడుసార్లూ పదిహేడే. పప్పు చూశాను, అదీ తక్కువే. శనగలు కూడా.

పెట్టె తెచ్చిన రోజు కొలవలేదు. నేను కొలిచి పోసిందే కదా, మళ్ళీ కొలవడమేంటి? ఒకటో తారీఖున నిండుగా ఉంది. ఇప్పుడు లేదు. మా ఇంట్లో ముగ్గురమే ఉంటాం.

11, గురువారం

మా ఆవిడ తీయదు. ఆవిడకి నా మీద కోపమొస్తే మొహం మీదే చెప్తుంది గానీ బియ్యం తీయదు. పైగా వంటింట్లో బస్తా బియ్యముంది. ఎవరికైనా నా డబ్బాతో పనేముంది?

పనేముందో తీసినవాడికే తెలుసు. పెద్దవాళ్ళకి ఒక్కోసారి చిన్నపిల్లల బుద్ధి వస్తుంది. దాచుకోవాలనిపిస్తుంది. ఇదివరకు మా పక్కింటి ముసలాయన దిండు కింద రొట్టె ముక్కలు దాచేవాడు.

నేనెవరి పేరూ రాయడం లేదు.

12, శుక్రవారం

పద్దెనిమిది ఉండాలి. పదిహేనున్నాయి. అంటే నిన్నా ఇవాళా పోలేదు. తెలివైన దొంగ. నేను కనిపెట్టానని కనిపెట్టేశాడు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మామయ్య వంటింట్లోంచి బయటికొస్తున్నారు. చేతులు తుడుచుకుంటూ.

13, శనివారం

బట్టలకి పెట్టే నీలిమందు పొడి కొంచెం తీసి డబ్బా మూత లోపలి అంచుకి రాశాను. పైకి కనపడదు. చేయి తగిలితే అంటుకుంటుంది, తడి తగిలితే రంగు తేలుతుంది. చిన్నప్పుడు బళ్ళో సుద్దముక్కల దొంగని ఇలాగే పట్టుకున్నాను. వాడు నా స్నేహితుడే, పాపం.

రేపు మరదలు, తోడల్లుడు భోజనానికి వస్తున్నారు. బాగుంటుంది.

14, ఆదివారం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

మధ్యాహ్నం అందరూ కూర్చున్నారు. మా ఆవిడ, దాని చెల్లెలు, తోడల్లుడు, మామయ్య. వాళ్ళకి మామూలు భోజనం, నాకు నా గిన్నె. మామయ్య మంచినీళ్ళ గ్లాసు ఎత్తారు. గ్లాసు మీద నీలం వేలిముద్రలు.

నేను లేచి చప్పట్లు కొట్టాను. "అందరూ చేతులు ఇటు పెట్టండి! తనిఖీ!"

మరదలు నవ్వుతూ మొదట పెట్టింది. తోడల్లుడు గోళ్ళు దాచుకుంటున్నట్టు వేషం వేశాడు. మా ఆవిడ, "ఏం గోలండీ ఇది," అంటూనే పెట్టింది. మామయ్య ఆఖరున పెట్టారు. కుడిచేతి వేళ్ళు మూడు, నీలంగా.

"దొరికాడు!" అన్నాను. "రెండు వారాల నుంచి నా బియ్యం తింటున్న పెద్దదొంగ!"

అందరూ నవ్వారు. మామయ్య కూడా నవ్వబోయి చేతులు చూసుకున్నారు. "ఏమిటల్లుడూ ఇది? సిరానా?"

"డబ్బా మూతకి నేనే పూశా మామయ్యా. మూడు కప్పులు మాయమయ్యాయి మరి. చెప్పండి, ఎందుకు తెరిచారు?"

"తెరవలేదు. మూత సగం పైకి లేచి ఉంది. పురుగు పడుతుందని బిగించాను."

"మూత బిగించారా, మూట కట్టారా?"

తోడల్లుడు ఒక్కడే నవ్వాడు. వాడూ మధ్యలో ఆపేశాడు.

మామయ్య నా వైపు చూశారు. "నేను తీయలేదు అల్లుడూ," అన్నారు. ఒక్కసారే అన్నారు. తర్వాత లేచి చేతులు కడుక్కోడానికి వెళ్ళారు. సబ్బు పెట్టి చాలాసేపు కడిగారు. నీలిమందు అంత తొందరగా పోదు. గట్టిపడ్డ వేళ్ళ సందుల్లో అసలు పోదు.

నేను, "సరదాకి మామయ్యా, సరదాకి!" అని కేకేశాను. వంట బాగుందని మరదలు రెండుసార్లు అంది.

15, సోమవారం

మా ఆవిడ మాట్లాడటం లేదు. దానికేం, రెండు రోజులు.

గుమ్మడికాయల దొంగ అనగానే భుజాలు తడుముకోవడమెందుకు? తప్పు లేనివాడైతే నవ్వేసి ఊరుకుంటాడు.

16, మంగళవారం

మామయ్య కొత్త పని ఒకటి మొదలుపెట్టారు.

పొద్దున్నే అన్నం పెట్టించుకుని, తినబోయేముందు కంచం రెండు చేతుల్తో ఎత్తి నా ముందుకి తెచ్చి, కొంచెం వంచి చూపించారు. "చూసుకో అల్లుడూ. ఇంత." అంతే. మళ్ళీ తన చోటుకి వెళ్ళి తిన్నారు. రెండో మారు వడ్డించుకోలేదు.

కోపంగా చేయలేదు. బట్ట కొలిచి చూపించినట్టు చూపించారు.

రాత్రి భోజనానికీ అంతే.

17, బుధవారం

మొత్తం కొలిచాను. పదున్నాయి. పట్టుకున్నాక ఒక్క గింజ పోలేదు. ఇంతకంటే రుజువేం కావాలి?

మామయ్య కంచం చూపించారు. "పెట్టుకోండి మామయ్యా, ఇంకొంచెం పెట్టుకోండి," అన్నాను. "చాలు," అన్నారు.

ఇప్పుడు మూతలు కూడా పెట్టడం లేదు. పొద్దున్నుంచి కుళాయి కారుతూనే ఉంది. నేనే లేచి కట్టేశాను.

18, గురువారం

మధ్యాహ్నం రేడియో పక్కకొచ్చి కూర్చుంది. తన బియ్యం ఇంకా పన్నెండు కప్పులున్నాయట. "లెక్క సరిగ్గా సరిపోతోందన్నా. ఈ పెట్టెలు చేసినవాడెవడో గానీ గింజ గింజ లెక్కేసి చేశాడు."

"నాకు తొమ్మిదే," అన్నాను. "ఇంట్లో దొంగ పడ్డాడు." నీలిమందు కథంతా చెప్పాను. వేళ్ళు ఎలా చూపించారో, మూత, మూట, అన్నీ. కథ బాగా చెప్పాననుకున్నాను.

ఆమె నవ్వలేదు. "ఏ లైను పెట్టెన్నా నీది?"

"నాలుగు. నాదే. ఏరి తెచ్చుకున్నా."

రేడియో ఆగిపోయింది. పన్నెండేళ్ళలో నేనెప్పుడూ చూడలేదు, నోరు తెరిచి, మాట రాక, మళ్ళీ మూయడం.

"ఏంటి?"

"నీ బొటనవేలు డబ్బాలో ఉంటుందన్నా. పోసేటప్పుడు. వేలూ, దాని కింద కండా. నీకు తెలీదా?"

"ఏ వేలు?"

"అందరికీ తెలుసే! వేలు లోపలుంటే డబ్బా తొందరగా నిండుతుంది, అంచు గీకక్కర్లేదు, జారదు. అందుకే నీకంత వేగం. మేమంతా అలా పోయలేక కాదు. నీకు తెలిసే చేస్తున్నావనుకున్నాం. నీ వేషాల్లో అదొకటి అనుకున్నాం."

గంట కొట్టారు. లేచి వెళ్ళిపోయాం.

19, శుక్రవారం

తలనొప్పి. పనికి వెళ్ళాను, వచ్చాను.

20, శనివారం

ఇంట్లో ఎవరూ లేనప్పుడు చూద్దామనుకున్నాను. మా ఆవిడ బజారుకి వెళ్ళింది, మామయ్య తన గదిలో ఉన్నారు.

షెడ్డు డబ్బా సైజుకి సరిపోయే పాలడబ్బా ఒకటి ఇంట్లో దొరికింది. బస్తాలో బియ్యం ముంచాను, మామూలుగా, ఆలోచించకుండా. చూస్తే వేలు లోపలే ఉంది. ఎప్పుడు వెళ్ళిందో తెలీదు. అది ఒక గిన్నెలో పోశాను. మళ్ళీ ముంచాను, వేలు బయట పెట్టి. ఇంకో గిన్నెలో పోశాను. ఇలా పది డబ్బాలు.

పక్కపక్కన పెట్టాను. ఒక డబ్బా తేడా. పదికి ఒకటి. ముప్పైకి మూడు.

మా ఆవిడ ఎప్పుడొచ్చిందో గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో సంచితో. "ఏం చేస్తున్నారు?"

"ఆడుకుంటున్నా."

రెండు గిన్నెల వంకా చూసింది. బియ్యం రెండూ బస్తాలో పోసేసి పొయ్యి వెలిగించింది.

ఇంకోటి రాయాలి. షెడ్డులో ప్రతి పెట్టెనీ తూచరు. గంటకొకటి తూస్తారు. తూచే ఆయన చెప్పులు టపటపమంటాయి. ఆ చప్పుడు దగ్గరికొస్తే నా చెయ్యి నిదానమవుతుంది. వేలు బయటికొస్తుంది. దానంతటదే.

దానంతటదే అని రాశాను కదా. సరే. అలాగే ఉండనీ.

రోజుకి మూడొందల పెట్టెలు. పన్నెండేళ్ళు. ఆ లెక్క నేను వేయను. ఐదో క్లాసువాణ్ణి.

21, ఆదివారం

మామయ్య కంచం చూపించారు. రెండు పూటలా.

దొంగకి తేలు కుట్టినట్టుంది నా పని. నోరు తెరవలేను.

22, సోమవారం

వేలు బయట పెట్టి పోశాను. నిదానమైపోయింది. నా వెనక సంచులు సీలు వేసే అతను, "ఏం మెరుపూ, కరెంటు పోయిందా?" అన్నాడు.

మధ్యాహ్నానికి చూస్తే వేలు మళ్ళీ లోపలుంది. నాకు తెలీకుండానే. 

సాయంత్రం సూపర్‌వైజర్ వచ్చాడు. "ఏంటయ్యా, నీ లైనులో బస్తాలు ఖాళీ అయిపోయాయి? రోజూ ముప్పై పెట్టెల సరుకు మిగిల్చేవాడివి. ఇవాళ పదే మిగిలింది."

"వేలు తీసి పోస్తున్నా సార్."

"ఏ వేలు?"

చూపించాను. ఆయన నా బొటనవేలి వంక చాలాసేపు చూశాడు. ఆయనకి తెలుసని అప్పుడర్థమైంది.

"ఆ మిగిలినదాంతో ఇంకో ముప్పై పెట్టెలు నింపుతున్నాం కదా. ముప్పైమంది తింటున్నారు. పైవాళ్ళు మన షెడ్డుకి మెచ్చుకుంటూ కాగితం పంపారు, గోడకి తగిలించింది నువ్వు చూడలేదా? నీకొచ్చిన బాధేంటి?"

"మిగతావాళ్ళకి తక్కువ వెళ్తోంది సార్."

"మెరుపూ, నువ్వు చెప్పేవాటిలో ఏది జోకో నాకెప్పుడూ తెలీదు. ఇది జోకే అనుకుంటున్నా." వీపు తట్టి వెళ్ళిపోయాడు.

23, మంగళవారం

బొటనవేలికి వెనకగా పుల్ల పెట్టి గుడ్డతో కట్టుకుని వెళ్ళాను, వంగకుండా. షెడ్డంతా పగలబడి నవ్వింది. "ఇదేం కొత్త వేషం?" ఒకడు చేతికంతా గుడ్డ చుట్టుకుని నా వెనకాలే తిరిగాడు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఇంకేదో అనుకుంటారు.

రేడియో నవ్వలేదు. నా దగ్గరికొచ్చి గుడ్డ వదులైతే ముడి బిగించింది. ఏదో చెప్పబోయి ఊరుకుంది. పందెం ఇంకా గెలవకుండానే ఆమె నోరు మూయించాను.

రెండొందల పది పెట్టెలు. మిగులు లేదు.

25, గురువారం

పొద్దున్న బస్సులో ఒకటి తోచింది. దిగేదాకా వదల్లేదు.

నాలుగో లైను పెట్టె ఒకటి శిబిరంలో ఒక గుడారానికి వెళ్తుంది. నెల నిండకుండానే బియ్యం అయిపోతుంది. కాగితంలో ముప్పై రోజులని రాసి ఉంటుంది. వాళ్ళూ కొలుస్తారు. మూడుసార్లు కొలుస్తారు. వాళ్ళకి ఈ షెడ్డు తెలీదు, నా వేలు తెలీదు. కాగితం తప్పని ఎందుకనుకుంటారు? ఇంట్లో ఎవరున్నారో చూసుకుంటారు.

ఎవరి చేతులు ముందు పెట్టమన్నారో.

ఆ పెట్టె వెళ్ళిన ప్రతి గుడారంలోనూ, నెలనెలా.

ఇది ఆఫీసు పుస్తకంలో రాద్దామని తెరిచాను. దాంట్లో ఇరవై నాలుగో తారీఖున నేను రాసింది చదివాను: "ఆకలి విలువ తెలిసింది. ఈ అనుభవం మరువలేనిది." మూసేశాను.

27, శనివారం

బియ్యం అయిపోయింది. ఆఖరి కప్పు. శనగలు ఐదారు గింజలు. పిండి ఉంది, సీలు వేసి వచ్చింది కాబట్టి నిండుగా ఉంది. మిగతా మూడు రోజులు గంజి కాచుకోవాలి.

మా ఆవిడ డబ్బా కడుగుతూ, వెనక్కి తిరక్కుండానే అడిగింది. "మా నాన్న తీసుండరని మీకు ఆ రోజే తెలుసు కదా?"

"తెలీదు."

"నిజంగా దొంగని పట్టుకున్నవాడు కోప్పడతాడు. మీరు నవ్వారు."

"నేనెప్పుడూ నవ్వుతానే."

"అవును," అంది. డబ్బా బోర్లించి పెట్టింది. "ఆ రోజు గిన్నెలు రెండూ చూశాను. నాకు చెప్పకండి. ఆయనకి చెప్పండి."

28, ఆదివారం

చెప్పాను.

మధ్యాహ్నం మామయ్య కంచం తెచ్చి చూపించబోతే, "ముందు ఇక్కడ కూర్చోండి మామయ్యా," అని కుర్చీ వేశాను. నేను కింద కూర్చున్నాను. మా ఆవిడని బయటికి వెళ్ళమన్నాను. పాలడబ్బా, బియ్యం దగ్గర పెట్టుకున్నాను.

"మామయ్యా, నా బియ్యం ఎవరూ తీయలేదు. తక్కువ పోసింది నేనే. షెడ్డులో. ఇదిగో, ఇలా ముంచుతాను. నా వేలు చూడండి, లోపలుంది. పెట్టె ఇంటికొచ్చేసరికే మూడు కప్పులు తక్కువ. మీరు మూతే బిగించారు. నేను అందరి ముందూ మిమ్మల్ని దొంగన్నాను. తప్పు నాది."

ఇంత పొడుగు మాట నేను ఆయనతో జోకు లేకుండా ఎప్పుడూ మాట్లాడలేదు. చెప్తున్నప్పుడు నా మొహం ఎలా పెట్టాలో నాకే తెలియలేదు. అలవాటు లేని మొహం. ఎటో లాగుతోంది. నవ్వులాగే కనపడి ఉంటుంది.

మామయ్య అంతా విన్నారు. వింటూ గుమ్మం వైపు చూశారు. తర్వాత కిటికీ వైపు.

"బయట ఎవరున్నారు?" అన్నారు.

"ఎవరూ లేరు మామయ్యా."

"చిన్నమ్మాయీ వాళ్ళూ వచ్చారా?"

"ఎవరూ రాలేదు. మీరూ నేనే ఉన్నాం. నేను నిజం చెప్తున్నాను."

"సరే, సరే." ఓపిగ్గా తలాడించారు, అల్లరి పిల్లాడికి ఆడించినట్టు. "బాగుంది అల్లుడూ. వేలు బాగుంది." ఆయన తన రెండు చేతులూ తిప్పి, అరచేతులూ, వేళ్ళ సందులూ చూసుకున్నారు. తర్వాత కుర్చీ చేతుల మీద వేలితో రాసి, వేలు చూసుకున్నారు. "ఈసారి దేనికి పూశావు?"

ఏమీ పూయలేదని ఒట్టేశాను. నా ఒట్టు. నెలకి పది ఒట్లు వేస్తాను ఆయన దగ్గర, కళ్ళజోడు నేను తీయలేదని.

మామయ్య లేచి, తువ్వాలుతో చేతులు తుడుచుకుని, కంచం ఎత్తి నా ముందు వంచారు.

"చూసుకో. ఇంత."

29, సోమవారం

ఆఫీసమ్మతో చెప్దామని వెళ్ళాను. వేలి సంగతి మొత్తం చెప్పాను. ఆమె రాసుకుంది. "మంచి విషయం చెప్పారు, పైకి పంపిస్తాను," అంది. "రేపు కార్యక్రమం ముగింపు సభలో మీరు నాలుగు మాటలు మాట్లాడాలి. మీరు మాట్లాడితే అందరూ నవ్వుతారు కదా, కొంచెం తేలిగ్గా ఉంటుంది."

లైనులోకి వెళ్తే నా చోట్లో వేరే అతను ఉన్నాడు. నన్ను సీలు వేసే దగ్గరికి మార్చారు. అతను పోస్తుంటే వెనక నిలబడి చూశాను. కొత్తవాడు, నిదానంగా ఉన్నాడు. "వేగం పెంచాలంటే ఎలా అన్నా?" అని నన్నే అడిగాడు.

"పెంచకు," అన్నాను.

నవ్వాడు.

30, మంగళవారం

సభ అయింది. బిళ్ళలు పెట్టుకుని వరసగా నిలబడ్డాం. తలా ఒక కాగితం ఇచ్చారు. నన్ను మాట్లాడమన్నారు. వేలు పైకెత్తి, "ఇది మూడొందల పెట్టెల్లో మూడో వంతు తినేసింది," అన్నాను. లెక్క తప్పు చెప్పాను, పదో వంతు అనబోయి. సభంతా నవ్వింది. సూపర్‌వైజర్ అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు. రేడియో ఒక్కతీ తల వంచుకుని కూర్చుంది.

ఇంటికొచ్చాను. నెల తర్వాత మొదటి మామూలు భోజనం. మా ఆవిడ నాకూ మామయ్యకీ ఒకేసారి వడ్డించింది. ఇద్దరికీ ఒకేలా.

మామయ్య కంచం ఎత్తబోయారు. నేను ముందే లేచి నా కంచం రెండు చేతుల్తో ఎత్తి ఆయన ముందు వంచాను. "మీరు చూడండి మామయ్యా. ఇంత. మీరు సరేనంటేనే తింటాను."

జోకు కాదని ఈసారి మొహం సరిగ్గానే పెట్టాననుకుంటాను. ఎందుకంటే ఆయన గుమ్మం వైపు చూడలేదు. నా కంచం వంకా చూడలేదు. నా వంకే చూశారు, మొదటిసారి చూస్తున్నట్టు. నమ్మారు. అది తెలిసిపోయింది.

నమ్మి, మెల్లగా, ఎవరో పరాయివాడితో మాట్లాడినట్టు అన్నారు:

"నాకెందుకు బాబూ. మీ ఇల్లు."

అల్లుడూ అనలేదు.

తర్వాత తన కంచం ఎత్తి చూపించారు. ఇంత. నేను చూశాను. చూడకపోతే ఆయన కూర్చోరు. మా ఆవిడ, "చల్లారిపోతోంది," అంది.

తిన్నాం.